మీకు తెలుసా? ఊళ్లోవాళ్లకు ప్రవేశం లేదు

మిఠాయి కొట్టాయన తన పిల్లల్ని మాత్రం ఆ కొట్లోది నోట పెట్టనివ్వడని తెలిస్తే, మనం అక్కడ పావుకిలో జిలేబీ కొంటామా? కాసినోల దగ్గరికొచ్చేసరికి ఈ ప్రశ్న ఎవరికీ తట్టదు. పేరుమోసిన కాసినోలు కొన్నిటికి ఓ గమ్మత్తైన నిబంధన ఉంది. పైఊరివాళ్లు ఎంతమందైనా రావచ్చు, ఊళ్లోవాళ్లు మాత్రం రాకూడదు!

పన్ను లేదు, పందెమూ లేదు

మాంటే కార్లో తెలియని సినిమా ప్రేక్షకుడు ఉండడు. సూటు వేసుకున్న హీరో చిప్స్ దొంతర ముందుకు తోసేది అక్కడే. ఆ ఊరున్న మొనాకో ఫ్రాన్స్ పక్కన ఓ బుల్లి రాజ్యం. ఖజానా ఖాళీగా ఉన్న రోజుల్లో, 1863లో అక్కడ కాసినో వ్యాపారం గట్టిగా నిలదొక్కుకుంది. డబ్బు ఎంత వచ్చిపడిందో గానీ, 1869లో రాజుగారు ప్రజల మీద ప్రత్యక్ష పన్నులే ఎత్తేశారు. ఆ ప్రజలు మాత్రం ఆ కాసినోలో ఆడకూడదు. పన్ను తప్పించుకోవడం మొనాకోవాడి వంతు, జేబు ఖాళీ చేసుకోవడం వచ్చిపోయేవాడి వంతు. రాజుగారికి లెక్కలు బాగా వచ్చు.

ఖాట్మండు ప్యాకేజీ

ఖాట్మండులో 1968 నుంచీ కాసినో ఉంది. నేపాలీలు అందులో ఆడటానికి వీల్లేదు. బల్లలు నిండేది చాలావరకు మనవాళ్లతోనే. ఫ్లైటు, హోటలు, తిండి, మందు అన్నీ కలిపి ‘ప్యాకేజీ’ కట్టి హైదరాబాద్ నుంచి జనాన్ని తీసుకెళ్లి ఆడిస్తున్నారన్న వ్యవహారంలో 2022 జులైలో ఈడీ నగరంలో సోదాలు చేసింది. ఏ ప్రముఖుడు వెళ్లాడు, ఏ తారకు ఎంత ముట్టింది అన్న కబుర్లతో అప్పట్లో టీవీలు హోరెత్తిపోయాయి. వెళ్లినవాళ్లలో ఎందరు అప్పులతో తిరిగొచ్చారన్నది మాత్రం ఎవరికీ పెద్దగా పట్టలేదు.

మనదేశంలోనూ ఇదే కథ. పనాజీలో మాండవి నది మీద రాత్రిపూట రంగురంగుల దీపాలతో కనిపించే పడవలు కాసినోలే. గోవా జూద చట్టాన్ని సవరించి 1990లలో వీటికి దారి వేశారు. 2020 ఫిబ్రవరి 1 నుంచి గోవావాసులు ఆ కాసినోల్లో ఆడకూడదని ప్రభుత్వం ప్రకటించింది. సిక్కింలోనూ స్థానికులకు తలుపు మూసే ఉంచారు. మన కుర్రాళ్లు మాత్రం నలుగురు కలిసి గోవా టికెట్లు బుక్ చేసుకుంటూ ‘ఒక్క రాత్రి అలా వెళ్లొద్దాం’ అనుకుంటారు. ఎవరికోసం తెరిచారో వాళ్లే వెళ్తున్నారు, తప్పు పట్టడానికేముంది!

కాసినో భవనాల్లో మరో వ్యాపారం

కాంబోడియాలో 1996 నుంచీ స్వదేశీయులు జూదం ఆడటాన్ని చట్టం ఒప్పుకోదు. అయినా సిహనూక్‌విల్ అనే రేవు పట్టణం విదేశీయుల కాసినోలతో నిండిపోయింది. 2019లో ఆన్‌లైన్ జూదం మీద నిషేధం ప్రకటించడం, వెంటనే కరోనా రావడంతో ఆటగాళ్లు మాయమయ్యారు. ఖాళీ పడిన భవనాల్లో కొన్ని సైబర్ మోసాల అడ్డాలుగా మారాయి. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి మన యువకుల్ని ఏజెంట్లు అక్కడికి పంపిన గుట్టును 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. వెళ్లిన కుర్రాడి పాస్‌పోర్టు లాక్కుంటారు, వాడి చేత మనదేశంలోని వాళ్లకే ఫోన్లు చేయించి మోసం చేయిస్తారు. జన్మలో పేక ముక్క పట్టని ఇళ్లు కూడా ఆ కాసినోల పుణ్యాన ఏడ్చాయి.

భార్య చేతిలో ఉత్తర్వు

సింగపూర్ ఇంకాస్త తెలివిగా ఆలోచించింది. ఏళ్ల తరబడి కాసినోలు వద్దని, చివరికి 2010లో రెండింటిని తెరిచింది. పాస్‌పోర్టు చూపించే పర్యాటకుడికి ప్రవేశం ఉచితం. సొంత పౌరుడైతే గడప దాటడానికే 100 సింగపూర్ డాలర్లు కట్టాల్సి వచ్చేది. ఆ టికెట్టు ఒక్క రోజుకే. 2019లో దాన్ని 150 డాలర్లు చేశారు. ఆటలో పోయేది దీనికి అదనం.

అంతకన్నా మెచ్చుకోవాల్సింది ఇంకోటుంది. ఇంట్లో ఎవరైనా జూదంలో మునిగిపోతుంటే భార్య లేదా భర్త, కన్నవాళ్లు, పిల్లలు, తోబుట్టువులు అక్కడి జూద సమస్యల జాతీయ మండలికి దరఖాస్తు చేయవచ్చు. నిజమేనని తేలితే ఆ మనిషి పేరు నిషేధ జాబితాలోకి ఎక్కుతుంది. ఇక గుమ్మం దగ్గరే ఆపేస్తారు. మన ఇళ్లల్లో ఈ పనంతా ‘నా మీద ఒట్టు’ అనే ఒక్క మాటతో నడుస్తుంది. అమలు సంగతి అందరికీ తెలిసిందే.

తెరిచి చూసినవాళ్లు

దక్షిణ కొరియాలో పదిహేనుకు పైగా కాసినోలుంటే కొరియావాళ్లు ఆడగలిగేది ఒక్కదానిలోనే. దాని పేరు కాంగ్వన్ ల్యాండ్. బొగ్గు గనులు మూతపడి జనం వలసపోతున్న కొండ ప్రాంతాన్ని బతికిద్దామని 2000లో తెరిచారు. జనం వచ్చారు, వాళ్ల వెంటే తాకట్టు కొట్లూ వచ్చాయి. కారులో వచ్చినవాళ్లు ఆ కారునే కుదువ పెట్టి బస్సెక్కడం మొదలైంది. నెలకు పదిహేను రోజులకు మించి లోపలికి రాకూడదని నిబంధన పెట్టాల్సి వచ్చింది. పదిహేను రోజులు! నెలలో సగం రోజులు జూదం ఆడే మనిషికి ఉద్యోగం ఏముంటుంది, సంసారం ఏముంటుంది?

పచ్చని సున్నా

కాసినో మోసం చేస్తుందని చాలామంది అనుమానం. ఆ అవసరమే దానికి లేదు. రూలెట్ చక్రాన్ని దగ్గరగా చూడండి. 1 నుంచి 36 దాకా అంకెలు, సగం ఎరుపు, సగం నలుపు. వాటి మధ్య ఆకుపచ్చ రంగులో ఒక సున్నా. మొత్తం 37 గళ్లు. మీరు ఒక అంకె మీద వంద రూపాయలు పెట్టి గెలిస్తే మీ వందతో పాటు 3,500 ఇస్తారు. 37 గళ్లున్న చక్రానికి లెక్క ప్రకారం ఇవ్వాల్సింది 3,600. ఆ తగ్గిన వందే కాసినో బతుకు. ఎరుపు మీద పెట్టినా అంతే, గెలిపించే గళ్లు 18, ఓడించే గళ్లు 19. ఎలా పందెం కాసినా ప్రతి వందకూ సగటున రెండు రూపాయల డెబ్భై పైసలు బల్లకే పోతాయి. అమెరికా చక్రానికి రెండు సున్నాలుంటాయి కాబట్టి అక్కడ ఐదు రూపాయల పాతిక పైసల పైమాటే.

రెండు రూపాయల డెబ్భై పైసలే కదా అనిపిస్తుంది. చక్రం గంటకు నలభై సార్లు తిరిగిందనుకోండి. తిప్పినప్పుడల్లా వెయ్యి కాస్తే గంటలో నలభై వేలు బల్ల మీదకెక్కినట్టు. సగటున వెయ్యీ ఎనభై రూపాయలు పోతాయి. మధ్యలో గెలుస్తూ ఉంటారు గనక పోతున్నట్టే ఉండదు. గెలిచిన డబ్బు కూడా మళ్లీ బల్ల మీదకే వస్తుంది. కాసినోకు కావాల్సింది మీ ఓటమి కాదు, మీరు కుర్చీలోంచి లేవకపోవడం. లోపల గోడ గడియారం, కిటికీ ఎందుకు కనపడవో ఇప్పుడు వేరే చెప్పాలా?

1913 ఆగస్టు 18 రాత్రి మాంటే కార్లోలోనే ఓ విచిత్రం జరిగింది. బంతి వరసగా 26 సార్లు నలుపులోనే పడింది. అలా జరగడానికి ఉన్న అవకాశం సుమారు పదమూడున్నర కోట్లలో ఒకటి. నలుపు పడేకొద్దీ జనం ‘ఈసారి ఎరుపు రాక చస్తుందా’ అంటూ ఎరుపు మీద కుమ్మరించి లక్షల ఫ్రాంకులు పోగొట్టుకున్నారు. చక్రానికి జ్ఞాపకశక్తి లేదని ఆ రాత్రి ఎవరికీ గుర్తు రాలేదు. పేకాట క్లబ్బుల్లో ‘ఇందాకటి నుంచీ ముక్క పడట్లేదు, ఇక పడాలి’ అనే మాట వినబడుతూనే ఉంటుంది కదా. అదే జబ్బు.

కొద్దిలో తప్పింది!

స్లాట్ మెషీన్ మీట లాగితే మూడు చక్రాలు తిరిగి ఆగుతాయి. మూడు ఏడులు పడితే జాక్‌పాట్. రెండు పడి, మూడోది ఒక్క గడి పైనో కిందో ఆగుతుంది. అబ్బా, కొద్దిలో తప్పింది!

నిజానికి కొద్దిలో ఏమీ తప్పలేదు. 1984లో అమెరికాలో ఇంగే టెల్నెస్ అనే ఆయనకు దక్కిన పేటెంట్‌తో ఈ యంత్రాల స్వరూపమే మారిపోయింది. కళ్లకు కనిపించే చక్రానికి 22 గళ్లుంటే, లోపల కంప్యూటర్ చిప్‌లో 64 గళ్ల ‘కనబడని చక్రం’ పెట్టుకోవచ్చు. కనబడే మూడు చక్రాల లెక్కన జాక్‌పాట్ అవకాశం 10,648లో ఒకటి. లోపలి లెక్కన 2,62,144లో ఒకటి. ఆ 64లో జాక్‌పాట్ బొమ్మకు ఒకే గడి ఇచ్చి, దాన్ని ఆనుకుని ఉన్న ఖాళీ గళ్లకు ఎక్కువ వాటా పెడితే సరి, బొమ్మ మాటిమాటికీ గీతకు కాస్త పైనో కిందో కనిపిస్తూ ఊరిస్తుంది. ఆ ‘కొద్ది’ని తయారుచేసింది ఇంజినీర్లు. కేంబ్రిడ్జి పరిశోధకులు 2009లో మెదడు స్కాన్లు తీసి చూస్తే, ఇలా ‘కొద్దిలో తప్పినప్పుడు’ మెదడులో గెలుపు సంబరానికి స్పందించే భాగాలే చురుకయ్యాయి. ఓడిపోయినా మెదడుకు అది ఓటమిలా అనిపించదన్నమాట.

ఇంకో మాయ చూడండి. ఒకేసారి పదిపదిహేను వరసల మీద వంద రూపాయలు కాస్తే ఒక వరసలో ముప్పై వస్తాయి. డెబ్భై పోయాయి. యంత్రం మాత్రం లైట్లు వెలిగించి, గంటలు మోగించి అభినందిస్తుంది. ఫోనులో ఆడే ఆటలకూ ఈ విద్య బాగానే వంటబట్టింది.

లాస్ వెగాస్‌లో ఏళ్ల తరబడి తిరిగి ఈ యంత్రాల మీద పుస్తకం రాసిన మానవశాస్త్రవేత్త నటాషా డౌ షుల్ ఒక సంగతి చెబుతారు. ముదిరిన ఆటగాళ్లు గెలవడానికి ఆడరట. ఇల్లూ అప్పూ ఒళ్లూ అన్నీ మరిచిపోయే ఒక మత్తులో ఉండిపోవడానికి ఆడతారట. పెద్ద మొత్తం గెలిస్తే ఆట ఆగిపోతుందని విసుక్కునేవాళ్లూ ఉన్నారట.

లాభం ఎవరి జేబులోంచి?

‘సరదాకి ఆడేవాళ్లే ఎక్కువండీ, పాడైపోయేది ఎవరో ఒకరిద్దరు’ అంటారు వ్యాపారులు. మనుషుల లెక్కన అది నిజమే. డబ్బు లెక్క వేరు. ఆస్ట్రేలియా ప్రభుత్వ సంస్థ ప్రొడక్టివిటీ కమిషన్ 2010లో వేసిన అంచనా ప్రకారం, జూదపు యంత్రాల్లో పడే మొత్తం సొమ్ములో దాదాపు 40 శాతం ఆ ‘ఒకరిద్దరి’ దగ్గర్నుంచే వస్తోంది. వాళ్లందరూ రేపే మానేస్తే ఆ వ్యాపారానికి సగం నడుము విరుగుతుంది. ‘బాధ్యతగా ఆడండి’ అని అట్ట మీద రాసేవాడికి ఈ సంగతి మీకన్నా నాకన్నా బాగా తెలుసు.

గుండె ఆగితే కాసినోలో ఆగాలి

వెటకారం కాదు. 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం ఇది. కాసినోల్లో గుండె లయ తప్పి కుప్పకూలిన 105 మందికి అక్కడి సెక్యూరిటీ సిబ్బందే షాకిచ్చే పరికరంతో చికిత్స చేస్తే 53 శాతం మంది బతికి ఆస్పత్రి నుంచి ఇంటికెళ్లారు. మూడు నిమిషాల్లోపు షాక్ అందినవాళ్లలో ఏకంగా 74 శాతం. మామూలుగా బయట ఇంత బాగా ఉండదు. కారణం సులువే, అంగుళం అంగుళం మీదా కెమెరా ఉంటుంది. మనిషి కిందపడితే క్షణాల్లో చూస్తారు. అదే మనిషి పన్నెండు గంటలుగా అదే కుర్చీలో కూర్చుని కూతురి పెళ్లి డబ్బు కాస్తుంటే, అదీ కెమెరాలో పడుతుంది. దానికి మాత్రం ఎవరూ పరుగెత్తుకు రారు.

మందు తెచ్చిన జూదం

పార్కిన్సన్స్ జబ్బుకు వాడే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందుల వల్ల కొందరికి ఉన్నట్టుండి జూదం పిచ్చి పట్టుకుంటుంది. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 2005లో ఇలాంటి 11 మంది గురించి రాశారు. మందు ఆపేస్తేనో తగ్గిస్తేనో పిచ్చి కూడా తగ్గింది. డోపమిన్ అనే రసాయనంతో ఈ వ్యసనానికి ఎంత చుట్టరికం ఉందో దీన్నిబట్టే తెలుస్తుంది. ‘వాడికి బుద్ధి లేదు’ అని తేల్చేసే ముందు ఇది గుర్తుంచుకుంటే మంచిది. ఇంట్లో ఎవరైనా ఈ మందులు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, సొంతంగా మాత్రం ఆపకండి.

ఇరవయ్యారు రోజుల నవల

రష్యన్ నవలాకారుడు దొస్తోయెవ్‌స్కీకి రూలెట్ పిచ్చి. అప్పుల్లో ఉండగా ఒక ప్రచురణకర్తతో ఘోరమైన ఒప్పందం చేసుకున్నాడు. 1866 నవంబరు 1లోగా కొత్త నవల ఇవ్వకపోతే, తొమ్మిదేళ్లపాటు తను రాసిందంతా పైసా ఇవ్వకుండా అచ్చేసుకోవచ్చని. గడువు నెల కూడా లేదనగా అన్నా అనే ఇరవై ఏళ్ల స్టెనోగ్రాఫర్‌ను పెట్టుకుని 26 రోజుల్లో నవల చెప్పి రాయించాడు. దాని పేరు ‘జూదరి’!

మరుసటి ఏడాది ఆమెనే పెళ్లాడాడు. విదేశాలకు వెళ్లారు. బాడెన్ బాడెన్‌లో ఆయన పెళ్లి ఉంగరాలు, ఆమె చెవి కమ్మలు, చివరికి బట్టలు కూడా తాకట్టుకు పెట్టాడు. వచ్చి కాళ్ల మీద పడి ఏడ్చేవాడు, మర్నాడు మళ్లీ వెళ్లేవాడు. ఆమె ఆ రోజుల్లో రాసుకున్న డైరీ ఉంది. 1871లో వీస్‌బాడెన్‌లో చివరిసారి ఓడిపోయాక, ఎందుకో మరి, మళ్లీ ఆడలేదు. ఆయన ఎందుకు మానాడన్నది ఇప్పటికీ పండితులు చర్చించుకుంటారు. నాకైతే నాలుగేళ్లు ఆ ఇల్లు అన్నా ఎలా నడిపిందన్నదే పెద్ద ప్రశ్న.

తానికాయలు, ధర్మరాజు

ఋగ్వేదం పదో మండలంలో 34వ సూక్తం మొత్తం ఒక జూదరి గోడు. పాచికలు అప్పట్లో తానికాయలు, అదే, త్రిఫల చూర్ణంలో వేసేవే. భార్య దూరమైంది, అత్తగారు అసహ్యించుకుంటోంది, అప్పులపాలై రాత్రిపూట పరాయి ఇళ్ల చుట్టూ తిరుగుతున్నాడు, మానేద్దామనుకుంటాడు గానీ పాచికల చప్పుడు వినగానే కాళ్లు అటే లాగుతాయి. మూడు వేల ఏళ్ల కిందటి సూక్తం ఇది. పాచికల చోట ఫోను పెట్టి చదవండి, ఒక్క ముక్క మార్చక్కర్లేదు.

ధర్మరాజు కథ అందరికీ తెలిసిందే గానీ, అందులో ఒకటి మనం త్వరగా దాటేస్తాం. మొదటి జూదంలో పోయిందంతా ధృతరాష్ట్రుడు తిరిగి ఇచ్చేశాడు. రాజ్యం చేతికొచ్చింది, తమ్ముళ్లు దక్కారు, ఇంద్రప్రస్థం దారి పట్టారు. అంతలో మళ్లీ ఆడదాం రమ్మని కబురొస్తే వెనక్కి తిరిగి వచ్చి కూర్చున్నాడు. బెటింగ్ కుర్రాళ్లు ‘రికవరీ కోసమే అన్నా, అది రాగానే మానేస్తా’ అంటుంటారు. ధర్మరాజుకు రికవరీ నూటికి నూరుపాళ్లూ అయింది.

కౌటిల్యుడైతే ఈ గొడవంతా ఎందుకని జూదానికి ఒక అధ్యక్షుణ్నే పెట్టాడు. ఆడేవాళ్లంతా ఒక్కచోటే ఆడాలి, గెలిచిన సొమ్ములో నూటికి అయిదు ప్రభుత్వానికి. దొంగల ఆచూకీ కూడా అక్కడే దొరుకుతుందని ఆయన లెక్క. ఇప్పటి ప్రభుత్వం 2025 సెప్టెంబరు 22 నుంచి కాసినోల మీద 40 శాతం జీఎస్టీ వేస్తోంది.

రమ్మీకి మన సికింద్రాబాదే దిక్కు

ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు ఏళ్లపాటు కోర్టుల్లో చూపించిన తీర్పు మన ఊరిదే. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులో పోలీసులు రమ్మీ ఆడేవాళ్లను పట్టుకున్నారు. కేసు హైకోర్టులో వీగిపోతే రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1967 నవంబరులో తీర్పు వచ్చింది. మూడు ముక్కలాటలా రమ్మీ ఉత్త అదృష్టం కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది దాచాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని కోర్టు తేల్చింది.

అదే తీర్పులో ఇంకో సంగతీ ఉంది. బల్లకూ పేక కట్టకూ క్లబ్బు అద్దె తీసుకుంటే ఫర్వాలేదు గానీ, ఆట మీదే లాభం చేసుకుంటుంటే మాత్రం నేరం కావచ్చని. ప్రకటనల్లో మొదటి సగమే వినపడేది, రెండో సగం ఏ తారా చదవలేదు.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి. లొకేషన్ మార్చే యాప్‌లతో కుర్రాళ్లు ఆడుతూనే వచ్చారు. 2025 మార్చిలో హైదరాబాద్‌లో పోలీసులు బెటింగ్ యాప్‌లకు ప్రచారం చేసిన సినిమా, యూట్యూబ్ ప్రముఖుల మీద కేసులు పెట్టారు. ఆ ఆగస్టులో పార్లమెంటే చట్టం చేసింది. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలు నేర్పువైనా అదృష్టానివైనా కుదరవు. ఆడించేవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడినవాడికి శిక్ష లేదు, బాధితుడు కాబట్టి. ఏటా 45 కోట్ల మంది దాదాపు 20,000 కోట్లు పోగొట్టుకుంటున్నారన్నది అప్పుడు ప్రభుత్వం చెప్పిన అంచనా. కంపెనీలు కోర్టుకెక్కాయి. చట్టానికి అందకుండా విదేశాల నుంచి నడిచే ‘ఐడీ’ల బెటింగ్ వేరే కథ.

ఇక సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోడిపందేల బరుల పక్కన వెలిసే గుండాట బోర్డులు, కోతాటల గురించి మీకు తెలియనిది నేను చెప్పేదేమీ లేదు. ఏటా కోర్టులు వద్దంటాయి, పోలీసులు వద్దంటారు, మూడు రోజులు ఏదీ ఆగదు. ‘సంప్రదాయం’ అంటారు. కోళ్లదాకా సరే, గుండాట ఏ పురాణంలోదో ఆ పెద్దమనుషులే చెప్పాలి.

ఒకరు ఆడితే ఆరుగురు

2017లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఒక లెక్క తీశారు. జూదంలో బాగా కూరుకుపోయిన ఒక్క మనిషి వల్ల సగటున మరో ఆరుగురి బతుకు దెబ్బతింటుంది. ‘పేకాట పేకాటే, తమ్ముడు తమ్ముడే’ అన్న మన సామెత ఆడే బల్ల వరకే చెల్లుతుంది. ఇంటికొచ్చాక తమ్ముడి ప్లాటూ పేకాటే, అమ్మ నానుతాడూ పేకాటే.

2024లో లాన్సెట్ కమిషన్ వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో సుమారు 8 కోట్ల మంది పెద్దవాళ్లు ఈ వ్యసనంలోనో దాని అంచునో ఉన్నారు. స్వీడన్‌లో జూద వ్యసనంతో ఆస్పత్రికెళ్లినవాళ్ల వివరాలు చూస్తే, ఆత్మహత్య మరణాలు మామూలు జనాభాతో పోలిస్తే పదిహేను రెట్లు. తాగుడు మొహంలో తెలుస్తుంది, వాసనకి తెలుస్తుంది. ఇది తెలియదు. పక్క మీద పక్కనే పడుకున్న మనిషి దుప్పటి కింద ఫోనులో పది లక్షలు పోగొట్టినా తెల్లారి కాఫీ మామూలుగానే తాగుతాడు. ఇంట్లోవాళ్లకు తెలిసేది లోన్ యాప్‌వాడు చుట్టాలందరికీ ఫోన్లు చేసిన రోజునే.

అది జబ్బేనా?

జబ్బే. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లోనే జాబితాలో చేర్చింది. 2013లో దాన్ని తీసుకెళ్లి మద్యం, మాదకద్రవ్యాల సరసన పెట్టింది. ఏ పదార్థమూ ఒంట్లోకి పోకుండానే వ్యసనంగా ఆ వరసలో చోటు దక్కించుకున్న మొదటి అలవాటు ఇదే. గుర్తు పట్టడానికి తొమ్మిది లక్షణాలు చెప్పారు, ఏడాదిలో నాలుగు కనిపిస్తే చాలు. అదే కిక్కు కోసం పందెం పెంచుకుంటూ పోవడం, మానేస్తే చిరాకు పడటం, మనసు బాగోలేనప్పుడల్లా ఆడటం, పోయింది రాబట్టడానికి మర్నాడే మళ్లీ కూర్చోవడం, ఎంత పోయిందో అబద్ధం చెప్పడం, అప్పు తీర్చమని ఇతరుల్ని పట్టుకోవడం వాటిలో కొన్ని.

ఈ చివరిదాని దగ్గరే మన ఇళ్లు బోల్తా పడతాయి. పొలం అమ్మి అప్పు తీర్చేస్తే కొడుకు బాగుపడతాడని తండ్రి నమ్మకం. బాకీ తీరింది గనక కొత్త అప్పు మళ్లీ పుడుతుంది, జబ్బు అలాగే ఉంటుంది. అప్పు సంగతి, చికిత్స సంగతి ఒకేసారి చూడాలి. కార్డులు, యూపీఐ, బ్యాంకు ఖాతా కొన్నాళ్లు ఇంకొకరి చేతిలో ఉండాలి. అవమానంగా ఉంటుంది, నిజమే.

1957 సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్‌లో జూదం మానాలనుకున్నవాళ్లు కొందరు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడంతో గ్యాంబ్లర్స్ అనానిమస్ మొదలైంది. ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. మనదగ్గరైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్ నంబరు 14416. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆడే మనిషే ఫోను చేయాలని లేదు, ఆ ఆరుగురిలో ఎవరైనా చేయవచ్చు.